మెలకువగా ఉంచి మెదడు ఆపరేషన్: రోగి సినిమా చూస్తుంటే మత్తు డాక్టర్ ఏం చేస్తుంటారు?

2017లో గుంటూరులో ‘బాహుబలి 2’. 2020లో మళ్లీ గుంటూరులోనే ‘బిగ్‌బాస్’, ‘అవతార్’. 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ‘అడవి దొంగ’. 2024లో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ‘అదుర్స్’. రోగికి సినిమా చూపిస్తూ మెదడులోని కణితి తీశారన్న వార్త తెలుగు పాఠకులకు ఇప్పుడు కొత్త కాదు.

ఈ వార్తల్లో సినిమా పేరు ఉంటుంది, హీరో పేరు ఉంటుంది, సర్జన్ ఫొటో ఉంటుంది. రోగి ముఖానికి మూరెడు దూరంలో కూర్చుని, ఆపరేషన్ అయ్యేదాకా ఆ ముఖం మీంచి చూపు తిప్పని మత్తు డాక్టర్ గురించి మాత్రం పెద్దగా ఉండదు. పైగా కొన్నిచోట్ల ‘మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్’ అని రాసేస్తుంటారు. అది నిజం కాదు. మెలకువగా చేసే ఆపరేషన్‌లోనూ మత్తు ఉంటుంది. ఆ మాటకొస్తే, రోగిని పూర్తిగా నిద్రపుచ్చి చేసే ఆపరేషన్ కన్నా ఇక్కడే మత్తు డాక్టర్ పని కష్టం.

దీన్ని మాటల తేడా అనుకుని వదిలేయొద్దు. మీ ఇంట్లో ఒకరికి మెదడులో కణితి ఉందని తేలింది, ‘మెలకువగా ఉంచి చేస్తే మంచిది’ అని న్యూరోసర్జన్ చెప్పారు అనుకోండి. ‘మత్తు లేకుండా తల కోస్తారట’ అని భయపడి వద్దంటే, మాట పోకుండా కణితిని వీలైనంత తీయించుకునే అవకాశం చేజారవచ్చు. ‘సినిమా చూస్తుండగానే అయిపోతుందట’ అని తేలిగ్గా ఒప్పుకుంటే, టేబుల్ మీద మెలకువ వచ్చి తల కదలనప్పుడు రోగి బెంబేలెత్తిపోవచ్చు. లోపల ఏం జరుగుతుందో తెలుసుకున్నాక సంతకం పెట్టడం మేలు.

అసలు మెలకువగా ఎందుకు ఉంచాలి?

మెదడు కణితుల్లో కొన్నింటికి, ముఖ్యంగా గ్లయోమాలకు, గట్టి అంచు ఉండదు. ఇంకు చుక్క బట్టలో పాకినట్టు చుట్టూ ఉన్న మంచి భాగంలోకి పాకి ఉంటాయి. ఎక్కువ తీస్తే రోగికి మంచిది. కానీ ఒక్క అడుగు ఎక్కువ వేస్తే మాటో, చెయ్యో పడిపోవచ్చు. మాట్లాడే శక్తికి సంబంధించిన భాగాలు చాలామందికి ఎడమవైపు ఉంటాయన్నది నిజమే. అయితే ఎడమవైపు సరిగ్గా ఎక్కడ అనేది మనిషి మనిషికీ మారుతుంది. అమెరికా న్యూరోసర్జన్ జార్జ్ ఓజెమన్ బృందం 117 మంది రోగుల మెదడును విద్యుత్తుతో పరీక్షించి 1989లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని గట్టిగా చూపించింది. పాఠ్యపుస్తకంలోని బొమ్మను నమ్ముకుని కోయడం కుదరదు. ఎంఆర్ఐ స్కాన్లు చాలావరకు దారి చూపిస్తాయి కానీ, కత్తి పెట్టే చోట మిల్లీమీటర్ల లెక్క అవి తేల్చలేవు.

అందుకే సర్జన్ రోగినే అడుగుతారు. కొన్ని మిల్లీయాంపుల సన్నని కరెంటును మెదడు ఉపరితలం మీద ఒక చోట కొన్ని సెకన్లు తాకిస్తారు. ఆ సమయంలో రోగి బొమ్మల పేర్లు చెబుతూ ఉంటారు. మాట ఆగిపోతే ఆ చోటు మాటకు అవసరమైనదని అర్థం. అక్కడ చిన్న నంబరు చీటీ పెట్టి, దాని జోలికి పోరు. కరెంటు తీయగానే మాట తిరిగి వస్తుంది. చెయ్యి, కాలు విషయంలోనూ ఇదే పద్ధతి. కెనడాలో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను 1934లో స్థాపించిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ మూర్ఛ రోగులకు చేసిన ఆపరేషన్లతో ఈ పద్ధతి స్థిరపడింది.

దీనివల్ల లాభం ఎంత? ఇలా విద్యుత్తుతో మెదడు మ్యాపింగ్ చేసిన ఆపరేషన్లను, చేయనివాటిని పోల్చిన 90 నివేదికలను కలిపి 2012లో ‘జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ’లో ఒక విశ్లేషణ వచ్చింది. మొత్తం 8,091 మంది రోగులు. చాలాకాలం నిలిచిపోయే తీవ్రమైన నరాల లోపం మ్యాపింగ్ చేసినవారిలో 3.4 శాతానికి, చేయనివారిలో 8.2 శాతానికి వచ్చింది. ఇందులోని మ్యాపింగులన్నీ మెలకువలో చేసినవి కావు. చేతులు, కాళ్ల కదలికను మత్తులో ఉండగా కూడా పరీక్షించవచ్చు. కానీ మాటను పరీక్షించాలంటే మనిషి మేలుకోక తప్పదు.

నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు

మెదడు పదార్థానికి నొప్పి తెలియదు. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా నొప్పి అని చెప్పేది మెదడే. దాన్నే తాకితే మాత్రం దానికి తెలియదు, నొప్పిని పట్టే నరాల కొసలు అందులో లేవు. ఈ ఆపరేషన్ మొత్తం ఆ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

కానీ మెదడు దగ్గరికి వెళ్లే దారంతా నొప్పే. నెత్తిమీది చర్మం, దాని కింద కండరం, ఎముకను అంటిపెట్టుకున్న పొర, ఎముక లోపల మెదడును కప్పి ఉండే డ్యూరా అనే దళసరి పొర, వీటన్నిటికీ నొప్పి తెలుస్తుంది. తల కదలకుండా మూడు మేకులున్న క్లాంప్‌తో బిగిస్తారు. ఆ మేకులు గుచ్చుకునే చోట్లు కూడా నొప్పి పుట్టేవే. ఈ దారిని మొద్దుబార్చడమే మత్తు డాక్టర్ మొదటి పని.

దీనికి చేసేది స్కాల్ప్ బ్లాక్. పన్ను పీకే ముందు డెంటిస్ట్ చిగురు మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇస్తారు కదా, సూత్రం అదే. ఇక్కడ నెత్తికి స్పర్శనిచ్చే నరాలను ఒక్కోవైపు ఆరు చోట్ల పట్టుకోవాలి. కనుబొమ మీదుగా నుదుటికి వెళ్లేవి రెండు, కణత దగ్గర ఒకటి, చెవి ముందు ఒకటి, చెవి వెనుక ఒకటి, తల వెనుక మెడ పైభాగంలో ఒకటి. మేకులు రెండువైపులా దిగుతాయి కాబట్టి సాధారణంగా రెండువైపులా ఇస్తారు. అంటే పన్నెండు చోట్లు. బుపివకెయిన్ లేదా రోపివకెయిన్ అనే, గంటల తరబడి పనిచేసే మందులు వాడతారు. వాటిలో కొద్దిగా అడ్రినలిన్ కలిపితే మందు రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుంది, కోసినచోట రక్తం కారడం కూడా తగ్గుతుంది.

ఇక్కడ ఒక లెక్క ఉంది. నెత్తికి రక్తప్రసరణ ఎక్కువ. చిన్న గాయమైనా తల ఎంత రక్తం కారుస్తుందో మనందరికీ తెలిసిందే. అంత రక్తం ఉన్నచోట ఇచ్చిన మందు త్వరగా ఒళ్లంతా పాకుతుంది. మోతాదు మించితే పెదాలు తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, ఆపైన ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా వెళ్లవచ్చు. అందుకే బుపివకెయిన్ అయితే సాధారణంగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతారు. 60 కిలోల మనిషికి 120 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందులో ఒక మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, మొత్తం 48 మిల్లీలీటర్లు. తల చుట్టూ ఇచ్చేది, మేకుల దగ్గర ఇచ్చేది, మధ్యలో నొప్పి అంటే సర్జన్ అదనంగా ఇచ్చేది, అన్నీ ఈ కోటాలోంచే పోవాలి. ఆపరేషన్‌కు ముందు మీ బరువును జాగ్రత్తగా చూసి రాసుకుంటే విసుక్కోకండి.

నిద్రపుచ్చి లేపడమా, మొదటినుంచీ మగతలోనే ఉంచడమా?

రెండు దారులు ఉన్నాయి. మొదటిది, తల తెరిచేదాకా పూర్తిగా నిద్రపుచ్చి, మెదడు కనబడ్డాక లేపడం. నిద్రలో ఊపిరికి అడ్డం రాకుండా గొంతులో లారింజియల్ మాస్క్ అనే మెత్తని గొట్టం పెడతారు. దీన్ని కనిపెట్టిన బ్రిటిష్ మత్తు డాక్టర్ పేరు ఆర్చీ బ్రెయిన్, ఇంటిపేరే బ్రెయిన్! ఎముక కోసే చప్పుడు, అదురు రోగికి తెలియవు. డ్యూరా దగ్గరికి వచ్చాక మందు ఆపి, రోగి కళ్లు తెరిచాక మాస్క్ తీసేస్తారు. పరీక్షలు, కణితి తీయడం అయ్యాక కుట్లు వేసేటప్పుడు మళ్లీ నిద్రపుచ్చేవారు ఉన్నారు. తేలికపాటి మగతతో సరిపెట్టేవారూ ఉన్నారు.

రెండోది, గొంతులో ఏ గొట్టమూ లేకుండా, రోగి తన ఊపిరి తాను తీసుకుంటూ మొదటినుంచీ మగతలో ఉండటం. పిలిస్తే పలుకుతారు, వదిలేస్తే కునుకుతారు. డెక్స్‌మెడిటోమిడిన్ అనే మందు ఈ పద్ధతికి బాగా కలిసివచ్చింది. దీనితో వచ్చే నిద్ర మామూలు నిద్రకు దగ్గరగా ఉంటుంది, ఊపిరిని పెద్దగా అణచదు, పేరు పెట్టి పిలిస్తే లేస్తారు. నాడి, బీపీ తగ్గించే గుణం ఉంది కాబట్టి గుండె మెల్లగా కొట్టుకునేవారిలో జాగ్రత్త అవసరం. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ కూడా వాడతారు. ఆపిన కొద్ది నిమిషాల్లోనే దాని ప్రభావం దిగిపోవడం దాని గొప్ప. మామూలు ఆపరేషన్ల ముందు ఆందోళన తగ్గడానికి ఇచ్చే మిడజొలామ్ లాంటి మందులను ఇక్కడ చాలామంది దూరం పెడతారు. తర్వాత చేసే మాట పరీక్షలో ఆ మగత అడ్డం వస్తుంది. మాట తడబడింది మందు వల్లా, కరెంటు వల్లా అన్నది తేలదు.

ఏ దారి మంచిది? 47 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2016లో ‘ప్లాస్ వన్’ పత్రికలో వచ్చింది. రెండు పద్ధతుల మధ్య వైఫల్యాల్లో చెప్పుకోదగ్గ తేడా అందులో కనబడలేదు. మొత్తంమీద 100 మందిలో ఇద్దరికి మాత్రం మధ్యలో పూర్తి మత్తుకు మారాల్సి వచ్చింది. కాబట్టి ‘ఫలానా ఆసుపత్రిలో నిద్రపుచ్చుతారట, మీరు ఎందుకు పుచ్చరు’ అని వాదించడం కన్నా, మీ ఆసుపత్రి బృందానికి ఏ పద్ధతి చేతికి అలవాటో అదే మీకు క్షేమం.

మోతాదు ఎక్కువైతే మెదడు ఉబ్బుతుంది, తక్కువైతే రక్తం

మత్తు డాక్టర్ పని కష్టం అన్నది ఇందుకే. పూర్తి మత్తులో ఊపిరి వెంటిలేటర్ చేతిలో ఉంటుంది. మెదడు ఉబ్బినట్టు సర్జన్‌కు అనిపిస్తే వెంటిలేటర్ వేగం పెంచి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గించి, మెదడును కాస్త కుంచించుకునేలా చేయవచ్చు. మెలకువ ఆపరేషన్‌లో ఆ తాళంచెవి చేతిలో ఉండదు.

మగత కొంచెం ఎక్కువైందనుకోండి. రోగి గురక మొదలవుతుంది, ఊపిరి మందగిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాంతో మెదడు రక్తనాళాలు వెడల్పై మెదడు ఉబ్బుతుంది, తెరిచిన కిటికీలోంచి పైకి పొంగుతుంది. మగత కొంచెం తక్కువైందనుకోండి. నొప్పి, భయం, బీపీ పెరగడం, కోసినచోట రక్తం. ఈ రెండింటి మధ్య గంటల తరబడి నడవాలి. ఆక్సిజన్ ఇచ్చే ముక్కు గొట్టం పక్కనే ఇంకో సన్నని గొట్టం పెట్టి, రోగి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను తెరమీద గీతగా చూస్తూ ఉండేది అందుకే. తలవైపు బల్లను కాస్త ఎత్తుగా ఉంచుతారు. వాపు తగ్గడానికి మానిటాల్ ఎక్కిస్తారు. మానిటాల్ ఒంట్లో నీటిని మూత్రంగా లాగేస్తుంది కాబట్టి మూత్రనాళంలో గొట్టం తప్పదు. ఆపరేషన్ తర్వాత కొంతమంది రోగులు ఎక్కువగా చెప్పుకునే ఇబ్బంది తల గురించి కాదు, ఈ గొట్టం గురించే. కొందరికి మానిటాల్‌తో వికారం కూడా వస్తుంది.

వికారం ఇక్కడ చిన్న విషయం కాదు. తల మేకులతో బిగించి ఉండగా వాంతి వస్తే, తల తిప్పే వీలు లేదు. అందుకే ముందే ఆండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్ లాంటివి ఇస్తారు. చలితో వణుకు వచ్చినా అంతే, ఒళ్లు ఊగుతుంటే తల మేకుల దగ్గర లాగుతుంది. వెచ్చని దుప్పట్లు, మోకాళ్ల మధ్య దిండు, ఒరిగి పడుకున్న వైపు భుజం కింద మెత్త. ఇవన్నీ సేవలు కావు, మత్తులో భాగమే.

ఊపిరి ఆగిపోయే పరిస్థితి వస్తే? తల బిగించి, ఒక పక్కకు తిప్పి, గుడ్డలు కప్పి ఉన్న మనిషికి గొంతులో గొట్టం వేయడం తేలిక కాదు. కాబట్టి లారింజియల్ మాస్క్, వీడియో లారింగోస్కోప్ వంటివి విప్పి పక్కనే పెట్టుకుంటారు. అవి ఎవరు అందించాలి, ఎవరు తల పట్టుకోవాలి అన్నది ముందే మాట్లాడుకుంటారు. రోగి ముఖం మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ తెర వాడేది కూడా మత్తు డాక్టర్‌కు ఆ ముఖం కనబడాలనే.

‘ఇది... ఇది...’: పరీక్ష ఏ భాషలో?

ఈ భాగం తెలుగువాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది. రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో ఒక భాషకు అవసరమైన చోటు, మరో భాషకు అవసరమైన చోటు పూర్తిగా ఒకటి కాకపోవచ్చని 1970ల చివరి నుంచే పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే హైదరాబాదీకి ఒక్క ఇంగ్లిష్‌లో పరీక్ష చేసి సరిపెడితే, ఆపరేషన్ తర్వాత ఇంగ్లిష్ బాగుండి ఇంటి మాట తడబడే ప్రమాదం ఉంది. బెంగళూరులోనో, వెల్లూరులోనో, విదేశంలోనో ఆపరేషన్ చేయించుకునే తెలుగువారికి ఇది మరీ ముఖ్యం. తెలుగు వచ్చిన మనిషి థియేటర్లో ఉంటారా అని అడగండి.

పరీక్ష ఎలా ఉంటుందంటే, ల్యాప్‌టాప్‌లో ఒక బొమ్మ వస్తుంది. రోగి ఒట్టి పేరు కాకుండా ‘ఇది గొడుగు’, ‘ఇది తాళం’ అని వాక్యంగా చెప్పాలి. ఎందుకంటే, కరెంటు తాకినప్పుడు రోగి ‘ఇది... ఇది...’ అని ఆగిపోతే నోరు పనిచేస్తోంది, పేరు దొరకడం లేదు అని తెలుస్తుంది. ‘ఇది’ కూడా రాకపోతే మాట పలికే యంత్రాంగమే ఆగిందని తెలుస్తుంది. ఈ రెండూ సర్జన్‌కు వేరువేరు సమాచారం. ఒక చిన్న ‘ఇది’ ఇంత పని చేస్తుంది.

ఆపరేషన్‌కు ముందే ఈ బొమ్మలన్నీ రోగికి చూపించి, మామూలుగా ఉన్నప్పుడే చెప్పలేకపోయినవాటిని తీసేస్తారు. లేకపోతే రాని పేరుకు కరెంటును తప్పుపట్టాల్సి వస్తుంది. బొమ్మలు మన ఇళ్లలో కనిపించేవి కావాలి. మంచు ఇల్లు, స్కీయింగ్ కర్రలు చూపించి పల్లెటూరి అమ్మమ్మ నుంచి జవాబు ఆశించలేం. రోలు, చీపురు, చెప్పులు, సైకిలు నయం. మాండలికం సంగతీ ఉంది. కాకినాడవైపు ఆనపకాయ అన్నది ఇంకోచోట సొరకాయ, కొబ్బరికాయను చిత్తూరువైపు టెంకాయ అంటారు. పరీక్ష చేసేవారికి ఈ తేడా తెలియకపోతే సరైన జవాబునే తప్పు అని రాసుకుంటారు. కుటుంబసభ్యులు ముందురోజు పక్కన కూర్చుని ‘మా ఇంట్లో దీన్ని ఇలా అంటాం’ అని చెప్పడం నిజంగా ఉపయోగపడే సాయం.

మరి సినిమా? ఆపరేషన్‌లో పరీక్ష లేని సమయం చాలా ఉంటుంది. కదలకుండా, ఒకే పక్కన, ఎవరో తలతో పనిచేస్తున్నారని తెలుస్తూ పడుకోవడం నరకం. ఇష్టమైన సినిమా ఆ సమయాన్ని దాటిస్తుంది, బీపీ దిగుతుంది, మత్తుమందు తక్కువ పడుతుంది. కథ గురించి మాట్లాడిస్తే రోగి స్పృహ ఎలా ఉందో కూడా తెలుస్తుంది. కానీ సినిమా పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. పాతసారి పదిసార్లు చూసిన సినిమాను చూసి నవ్వడానికి, అడిగిన బొమ్మ పేరు వెతికి చెప్పడానికి మెదడులో చాలా తేడా ఉంది.

మధ్యలో ఫిట్స్ వస్తే?

మెదడుకు కరెంటు తాకిస్తే ఫిట్స్ రావచ్చు. పైన చెప్పిన 2016 విశ్లేషణలో ఇది 100 మందిలో 8 మందికి వచ్చింది. మొదటి మందు మీరు ఊహించేది కాదు: చల్లని నీళ్లు. ఐసులో ఉంచిన సెలైన్ లేదా రింగర్ లాక్టేట్‌ను సర్జన్ నేరుగా మెదడు మీద పోస్తారు. చాలాసార్లు కొన్ని సెకన్లలో ఆగిపోతుంది. ఆగకపోతే మత్తు డాక్టర్ ప్రొపోఫాల్ చిన్న మోతాదు ఇస్తారు. అయితే అది ఇచ్చాక రోగి మగతలోకి జారి, మాట పరీక్ష కొంతసేపు ఆగిపోతుంది. అందుకే నీళ్లు ముందు, మందు తర్వాత. ఇంట్లో రోజూ వేసుకునే ఫిట్స్ మాత్రలను ఆపరేషన్ ఉదయం కూడా మానకూడదు. ‘ఖాళీ కడుపు కదా’ అని మానేసేవారు ఉన్నారు. ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చో లేదో మత్తు డాక్టర్‌నే అడగండి.

పార్కిన్సన్స్ వ్యాధికి చేసే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ ఆపరేషన్ కూడా చాలాచోట్ల మెలకువలోనే జరుగుతుంది. అక్కడ లెక్క తిరగబడుతుంది. వణుకు కనబడాలి కాబట్టి సాధారణంగా ముందురోజు రాత్రి నుంచి పార్కిన్సన్స్ మాత్రలు ఆపమంటారు, మగతమందులు కూడా అతి తక్కువ. పక్కింటివారి అనుభవం విని మాత్రల విషయంలో సొంత నిర్ణయం తీసుకోవద్దు.

ఎవరికి కుదరదు?

చెప్పింది అర్థం చేసుకుని, గంటల తరబడి కదలకుండా సహకరించగలగాలి. ఇదే అసలు అర్హత. వయసు, చదువు కాదు. చిన్నపిల్లలకు, తికమకగా ఉన్నవారికి, ఇప్పటికే మాట చాలావరకు పోయినవారికి సాధారణంగా చేయరు. బాగా లావుగా ఉండి నిద్రలో గురకతో ఊపిరి ఆగేవారు, ఆగని దగ్గు ఉన్నవారు, ఇరుకు చోట్లంటే ఊపిరాడనంత భయం ఉన్నవారి విషయంలో మత్తు డాక్టర్ వెనకాడతారు. సర్జన్ సరే అన్నాక మత్తు డాక్టర్ వద్దంటే, అది ఇద్దరి మధ్య పంతం అనుకోకండి. గొంతు తనిఖీలో ఆయనకు కనబడింది స్కాన్‌లో కనబడదు.

ఆయన్ను కలిసేటప్పుడు దాచకుండా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గురక సంగతి రోగికి తెలియదు, పక్కన పడుకునేవారికే తెలుస్తుంది కాబట్టి వారే వెళ్లాలి. తాగుడు అలవాటు సిగ్గుపడి దాచొద్దు. హఠాత్తుగా మానేస్తే వచ్చే వణుకు, ఆందోళన టేబుల్ మీద బయటపడితే ఆపరేషన్ ఆపేయాల్సి వస్తుంది. గుట్కా, సిగరెట్, దగ్గు, పాత ఆపరేషన్లలో మత్తుతో వచ్చిన ఇబ్బంది, రక్తం పల్చబడే మాత్రలు, కదిలే పళ్లు కూడా చెప్పండి. ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపడం మామూలు నియమం. మీ ఆసుపత్రి వేరే చెబితే అదే పాటించండి.

మీరూ అడగండి. ఎప్పుడు నిద్రపుచ్చుతారు, ఎప్పుడు లేపుతారు? లేచినప్పుడు మొదట ఎవరి గొంతు వినబడుతుంది? నొప్పి అంటే ఏం చేస్తారు? ఇక భరించలేను అంటే పూర్తి మత్తుకు మారుస్తారా? ఆపరేషన్ రోజు ఏ వైపు ఒరిగి పడుకోవాలో తెలుసుకుని, ఇంట్లోనే గంటసేపు అలా పడుకుని చూడమనండి.

ఒక చిన్న విషయం, కానీ మర్చిపోతారు. థియేటర్లోకి వెళ్లేముందు కళ్లజోడు, వినికిడి యంత్రం తీసేయమనడం ఆసుపత్రుల అలవాటు. మెలకువ ఆపరేషన్‌లో బొమ్మలు కనబడాలి, ప్రశ్నలు వినబడాలి. వాటిని లోపలికి పంపమని ముందే నర్సుకు చెప్పి, పేరు రాసిన డబ్బాలో ఇవ్వండి.

ఆపరేషన్ తర్వాత, ఖర్చు గురించి

మొదటి రాత్రి ఐసీయూలోనే ఉంచి గంటగంటకూ మాట, చేతుల బలం చూస్తారు. స్కాల్ప్ బ్లాక్ దిగిపోయాక తలనొప్పి మొదలవుతుంది, అప్పుడే చెప్పండి, ఓర్చుకోనక్కర్లేదు. టేబుల్ మీద చక్కగా మాట్లాడిన మనిషి మర్నాడు మాట తడబడితే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. వాపు వల్ల ఇలా కావడం ఉంది, చాలామందిలో వారాల్లో తగ్గుతుంది. కానీ అది వాపా, రక్తస్రావమా అన్నది డాక్టర్ స్కాన్ చూసి తేల్చాలి. మాట తడబాటు కొనసాగితే స్పీచ్ థెరపీ వెంటనే మొదలుపెట్టాలి, డిశ్చార్జి కాగితంలో దాని ప్రస్తావన ఉందో లేదో చూసుకోండి.

మెదడు కణితి ఆపరేషన్లు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉన్నాయి. తెలంగాణలో కుటుంబానికి ఏడాది పరిమితిని 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. మెలకువగా చేయడానికి అదనంగా పట్టే మందులు, పరికరాలు ప్యాకేజీలోకే వస్తాయా, బయట కొనమంటారా అన్నది చేరకముందే పథకం కౌంటర్లోని సిబ్బందిని అడిగి తేల్చుకోండి. ముందస్తు అనుమతి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోవాలి. ఏ ఆసుపత్రి పథకం జాబితాలో ఉందో తెలియకపోతే రెండు రాష్ట్రాల్లోనూ 104కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.